రచ్చకెక్కిన గురక

డాక్టరనేవాడు చెయ్యగల తప్పులు చాలా ఉన్నాయి. మందులషాపు వాడికి కూడా అర్థంకాని చేతిరాత దగ్గర్నుంచి కడుపులో కత్తెర మరిచిపోవడం దాకా. నేను అవేవీ చెయ్యలేదు. ఏ ప్రొఫెసరూ హెచ్చరించని, ఏ పాఠ్యపుస్తకమూ ఊహించని తప్పొకటి, పట్టపగలు, మైకు పెట్టి, గోదావరిఖనిలో ఓ కాలనీ మొత్తాన్ని నిద్రలేపి మరీ చేశాను. ఆ ఉపద్రవం ఎలా ముంచుకొచ్చిందో చెబుతాను. మధ్యలో మీకు నవ్వొస్తే ఆపుకోకండి. ఊరు ఊరంతా నవ్వింది, మీరొక్కరూ మొహమాటపడితే బాగుండదు.

నేను చెవి, ముక్కు, గొంతు డాక్టర్ని. మా నాన్న బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. నేను హైదరాబాదులో చదివి, అక్కడే ఓ పెద్ద ఆసుపత్రిలో కొన్నాళ్ళు పనిచేసి, సొంతూళ్ళో సొంత క్లినిక్ అనే పురుగు బుర్రను తొలిచేస్తుంటే మూటాముల్లె సర్దుకుని వచ్చేశాను. మా ఆవిడ రజిత నస్పూర్ పిల్ల. పుట్టినూరికి దగ్గరవుతున్నామని నాకన్నా ఎక్కువ సంబరపడింది. బొగ్గుగనుల కంపెనీ క్వార్టర్ల పక్కనున్న బడిలో టీచరుగా చేరిపోయింది కూడా.

క్లినిక్ తెరిచాను. బోర్డు తళతళలాడింది. కుర్చీలు తళతళలాడాయి. ఇస్త్రీ కోటులో నేనూ తళతళలాడాను. పేషెంట్లు మాత్రం రాలేదు. కార్మికుల కుటుంబాలకు కంపెనీ దవాఖాన ఉంది. మిగతావాళ్ళకు ఎప్పట్నుంచో అలవాటైన డాక్టర్లున్నారు. కొత్తగా దిగినవాడి చేతికి ఎవరు మాత్రం ముక్కు అప్పగిస్తారు.

బొత్తిగా ఎవరూ రాలేదంటే అబద్ధమవుతుంది. ఒకాయన ఫోను చార్జింగు పెట్టుకోవడానికి వచ్చాడు. ఒక ముసలావిడ పైఅంతస్తులోని ఎముకల డాక్టరు కోసం వచ్చి, మెట్లెక్కలేక నా గదిలో కూలబడి మోకాలు చూపించింది.

"అవ్వా, నేను ముక్కు డాక్టర్ని" అన్నాను.

"అయితేంది బిడ్డా. ముక్కుల సుత బొక్క ఉంటది గద. ఈ బొక్క గూడ జూడరాదు" అంది.

మా వైపు బొక్కంటే ఎముకే. ఆ తర్కానికి తలొగ్గి మోకాలు నొక్కి చూశాను. నా క్లినిక్‌లో తొలి వైద్యం మోకాలికే జరిగింది.

ఓ సాయంత్రం రజితతో అన్నాను. "వానకాలం దాక చూద్దాం. అప్పటికి గూడ కుర్చీలు ఖాళీగ ఉంటె, మల్ల హైదరాబాద్ పోదాం."

రజిత పప్పుకు పోపు పెడుతూ గరిటెను మూకుడు అంచుకు కాస్త గట్టిగా కొట్టింది. ఆ చప్పుడుతో ఆమె అభిప్రాయం పూర్తిగా అర్థమైంది.

మా ఇంటి గడపలోకి సరిగ్గా అప్పుడే అడుగుపెట్టాడు నా బామ్మర్ది తిరుపతి. చౌరస్తా దగ్గర ఫ్లెక్సీలు కొట్టే షాపు వాడిది. దాంతోపాటు సెల్‌ఫోనులో ఓ న్యూస్ చానల్ కూడా నడుపుతాడు. ఊళ్ళో నల్లా పగిలినా, మేక తప్పిపోయినా నిమిషాల్లో లైవ్‌లోకి వస్తాడు. నా మొహం చూడగానే వాడికి పరిస్థితి తెలిసిపోయింది.

"బావా, నువ్వు మంచిగ వైద్యం జేస్తవని నీకెర్క, అక్కకెర్క, నాకెర్క. ఊరికెట్ల ఎర్కైతది" అన్నాడు.

"ఒక్క పేషెంటుకు నయమైతె పదిమందికి చెప్తడు. గట్లనే పేరొస్తది."

"మరి ఆ ఒక్కడు యాడున్నడు బావా."

వాడు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఫికర్ జెయ్యకు. వైద్యం నీది, బాజా నాది."

డాక్టర్లు తమ గురించి తాము డప్పు కొట్టుకోవడం పద్ధతి కాదని నాకు తెలుసు. అది మా వృత్తి మర్యాదకు విరుద్ధమని చదువుకున్నాను, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ మునిగిపోతున్నవాడు గడ్డిపోచనైనా పట్టుకుంటాడంటారు. నాకు తిరుపతి దొరికాడు. గడ్డిపోచయితే కనీసం నోరెత్తదు.

మొదట ఫ్లెక్సీ వేశాడు. అందులో నేను చేతులు కట్టుకుని, ఎన్నికల్లో నిలబడ్డవాడిలా నవ్వుతున్నాను. నా పక్కన నాకన్నా పెద్దదైన ఒక చెవి. ముక్కుకీ గొంతుకీ చోటు చాల్లేదట. ఆ చెవి ఏ అమ్మాయిదో గాని మెరిసే కమ్మ కూడా పెట్టుకుని ఉంది.

మర్నాడు పొద్దున్నే ఓ తల్లి, చంకలో బిడ్డతో వచ్చింది. నా ప్రాణం లేచొచ్చింది.

"ఏమైందమ్మా పాపకు."

"ఏం గాలె సారు. చెవులు కుట్టియ్యాలె. కమ్మలు మీ తాన్నే దొరుకుతయా, బయట తెచ్చుకోవాల్నా."

ఏళ్ళ తరబడి చదివిన చదువును కోటు జేబులో దాచుకుని చెవులు కుట్టాను. బాగానే కుట్టానని పేరొచ్చింది. ఆ వారం మరికొందరు పసిపిల్లలు వచ్చి ఏడ్చి వెళ్ళారు. నాకూ వాళ్ళతో కలిసి ఏడవాలనిపించింది.

"ఫ్లెక్సీతోటి లాభం లేదు" అని తిరుపతే ఒప్పుకున్నాడు. "మనకొక్క గట్టి ఐటం గావాలె. చెవు నొస్తె పసరు వోసుకుంటరు. గొంతు నొస్తె ఉప్పునీళ్ళు పుక్కిలిస్తరు. ముక్కు కారితె తుడుసుకుంటరు. మల్ల నీతాన ఇంకేమున్నది."

"గురకకు గూడ వైద్యముంటది" అన్నాను, అదేదో తేలిగ్గా.

వాడు లేచి నిలబడ్డాడు. న్యూటన్ తలమీద యాపిల్ పడ్డప్పుడు ఆయన మొహం అలాగే ఉండి ఉంటుంది.

"బావా, గురక లేని ఇల్లు చూపెట్టు. గురక పెట్టెటోడు దవాఖానకు రాడు, వానికి దెల్వదు గదా. పక్కకు పండుకున్నోళ్ళు గుంజుకొస్తరు. మన ప్రచారం మొగోళ్ళకు గాదు, వాళ్ళ పెండ్లాలకు."

ఒప్పుకోక తప్పదు, ఆలోచన అద్భుతంగా ఉంది. ఆటోకు మైకు కట్టి కాలనీల్లో తిప్పాలి. ముందు ఓ గురక వినిపించాలి. తర్వాత ఓ ఇల్లాలి మొర. ఆ తర్వాత నా పేరు, క్లినిక్ చిరునామా. ఇల్లాలి గొంతు సన్నగా పెట్టి తిరుపతే మాట్లాడతాడు. ఇక కావాల్సింది గురక.

"యాక్టింగ్ గురక వద్దు, నవ్వులపాలైతం. నిఖార్సైన గురక గావాలె" అన్నాను. ఆ మాట అన్నది నేనేనని గమనించండి.

మరుసటి రోజు తిరుపతి ఫోనులో గురక పట్టుకొచ్చాడు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నాను. మొదట దూరాన్నుంచి బొగ్గు వ్యాగన్ల బండి వస్తున్నట్టు సన్నగా మొదలైంది. దగ్గరికొచ్చి, పట్టాలు మారి, వంతెన ఎక్కింది. ఉన్నట్టుండి ఆగిపోయింది. చప్పుడు లేదు, ఊపిరి లేదు. నేనూ ఊపిరి బిగబట్టాను. తర్వాత ఎవరో పీక పట్టుకుని వదిలినట్టు ఒక్క గావుకేక, మళ్ళీ వ్యాగన్లు.

నాలోని వైద్యుడు నిద్రలేచాడు.

"తిరుపతీ, ఇది మామూలు గురక గాదు. నిద్రల ఈ మనిషి గాలిదారి మూసుకపోతున్నది. మధ్యమధ్యల శ్వాస ఆగుతున్నది. ఇట్లనే ఇడిసిపెడితె బీపీ పెరుగుతది, గుండెకు గూడ మంచిది గాదు. ఎవరిది ఇది."

వాడు ఎందుకో గోడమీది క్యాలెండర్ వైపు చూశాడు. "ఈ ఊరోడే బావా. మస్తు చదువుకున్నోడు."

"చదువుకుని ఏం లాభం. వెంటనే తీస్కరా. ఇంట్ల చెప్పేటోళ్ళు లేరా ఆ మనిషికి."

"చెప్తరట. ఇనడట."

"మూర్ఖుడు" అన్నాను. "రికార్డు వాడుకోడానికి ఒప్పుకున్నడా."

"ఇంటోళ్ళు ఒప్పుకున్నరు."

ఇంటివాళ్ళు ఒప్పుకుంటే సరిపోదని చెప్పాల్సింది. చెప్పలేదు. అంత మేలుజాతి గురక మళ్ళీ దొరకదేమోనన్న ఆశ నా నోరు నొక్కేసింది.

ఆటో యూసుఫ్ భాయిది. నెమ్మదస్తుడు. మైకు పెట్టి ఎన్నో ప్రచారాలు తిప్పినవాడు. మర్నాడు పొద్దున ఎండ ముదరకముందే క్వార్టర్ల వైపు బయల్దేరాడు. నేను క్లినిక్‌లో కోటు దులుపుకుని, రాబోయే జనం కోసం కుర్చీలు సర్దుకుంటున్నాను. ఇంతలో ఫోను మోగింది.

"డాక్టర్ సాబ్, జల్ది రండి. పబ్లిక్ గరం ఉన్నది" అన్నాడు యూసుఫ్ భాయి.

"ఎందుకు, ఏమైంది."

"అందరు నైట్ షిఫ్టోళ్ళు సాబ్. ఇప్పుడిప్పుడే పండుకున్నరట."

కార్మికుడి ఇంట్లో పుట్టి పెరిగినవాణ్ణి. నాన్న రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకుంటే ఇంట్లో గిన్నె చప్పుడైనా కానిచ్చేవాళ్ళం కాదు. ఆ సంగతి నాకు తట్టనేలేదు. గురక వైద్యుణ్ణని చెప్పుకోవడానికి నిద్రపోతున్నవాళ్ళను లేపిన మొనగాణ్ణి నేనే అయ్యుంటాను.

స్కూటరు మీద వెళ్ళేసరికి ఆటో చుట్టూ లుంగీలూ బనీన్లూ, నిద్రచాలని ఎర్రటి కళ్ళూ. ఆటో ముందు టైరుకు ఆనుకుని ఓ బలమైన మనిషి నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పేరు రాజం. ఓపెన్‌కాస్ట్ గనిలో బొగ్గు మోసే డంపర్ నడుపుతాడు. తిరుపతి అప్పటికే అక్కడున్నాడు, చేతిలో ఫోను పైకెత్తి పట్టుకుని. ఆ ఫోనులో లైవ్ నడుస్తోందన్న సంగతి నేను చూసుకోలేదు.

"నువ్వేనా డాక్టర్‌వి" అన్నాడు రాజం.

"అవునన్నా. తప్పైంది, ఏమనుకోకండి."

"రాత్రంత డంపర్ నడిపి ఇప్పుడే కన్ను మూసిన. చెవుల పక్కనె ఎవడో గురక వెడ్తున్నడు. మా ఇంటామె అనుకోని, జరంత పక్కకు తిరిగి పండుకోవే అన్న. ఆమె వంటింట్ల నుంచి పలికింది."

వాళ్ళావిడ పక్కనే ఉంది. "నేనేమో ఈయనదే అనుకున్న సారు. వంటింట్ల దాక ఇనబడుతుందంటె ఇయ్యాల మస్తు పెరిగిందనుకోని, ఉరికొచ్చి రెక్క పట్టి ఊపిన. ఈయన లేచి కూసోని నన్ను జూస్తున్నడు, గురకేమో నడుస్తనే ఉన్నది. భయమైంది."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. రాజం వెనక్కి తిరిగి చూశాడు, నవ్వు ఆగిపోయింది.

"ఇంకో ముచ్చట. ఆ గురక నాదేనని మా పక్కింటోళ్ళంటున్నరు. నాకు దెల్వకుంట నా గురక రికార్డు జేసి ఊరంత తిప్పుతరా. నా పరువేం గావాలె."

"మీది కాదన్నా."

"అయితె మా పెద్దబాపుది" అని ఒకతను పెదనాన్న తరఫున ముందుకొచ్చాడు. "ఆ ఆగుడు, మల్ల మొదలువెట్టుడు, అచ్చం ఆయనదే."

"మీ పెద్దబాపుది ఇంత ఉండదు. ఇది మా మామది" అని ఓ కోడలు.

చూస్తుండగానే ఆ గురక ఎవరిదన్న దానిమీద వాదన ముదిరింది. కొందరు తమవాళ్ళదేనని నిందిస్తుంటే, కొందరు తమవాళ్ళదేనని గర్వపడుతున్నారు. రాజం మాత్రం తన పరువు దగ్గరే పట్టుబట్టి కూర్చున్నాడు. నిజంగానే అతని మొహంలో బాధ కనిపించింది. ఇక అతన్ని కాపాడాలంటే వైద్యశాస్త్రమే దిక్కనుకుని గొంతు సవరించుకున్నాను. నా బుద్ధి గడ్డితిన్నది అక్కడే.

"అందరు వినండి. ఈ గురక రాజమన్నది కాదు. కష్టపడి పనిచేసేవాళ్ళది కాదిది. ఇది కుర్చీల కూసోని పొట్ట పెంచిన మనిషిది. నాలుగడుగులు నడవడు. రాత్రి అన్నం మీద అన్నం పెట్టించుకుంటడు. ఇంట్లోళ్ళు చెప్తే వినడు. తనకు గురక లేదని వాదిస్తడు. ఇట్లాంటి మొండివాడు ఎప్పటికైనా ప్రాణం మీదికి తెచ్చుకుంటడు."

"గంత ఖరాబ్ మనిషి ఎవడు సారు" అన్నాడు రాజం, కాస్త మెత్తబడి.

"తిరుపతీ, చెప్పు ఎవరిదో. ఈయన అనుమానం తీరాలె."

తిరుపతి ఫోను వెనక మొహం దాచుకున్నాడు. "నేను జెప్ప బావా. అక్కనడుగు."

అక్క ఇక్కడెందుకుందని వెనక్కి తిరిగాను. చేతులకు చాక్‌పీసు పొడితో రజిత నిలబడి ఉంది. పిల్లలకు పాఠం చెప్పనివ్వని ఆ మైకును ఆపించి రమ్మని బడివాళ్ళు ఆమెనే పంపించారట.

"ఆ గురక మా ఆయనదే" అంది రజిత.

ఎక్కడో ఓ కోడి కూసింది, అదీ ఆలస్యంగా.

"నాదా" అన్నాను.

"మీదే. పెండ్లైనప్పటి నుంచి చెప్తున్న. ఫ్యాను చప్పుడంటరు, పక్కింటి కుక్కంటరు. మీకు వినిపిద్దామని రికార్డు జేసిన. వినండి అంటె, తర్వాత చూద్దాం అన్నరు. ఇగ తమ్ముడు గురక గావాలన్నడు, ఇచ్చిన. సొంత గురకంటె వినరు, పేషెంటుదంటె వింటరని."

"నాకెందుకు జెప్పలేదు మరి."

రజిత చేతులకున్న చాక్‌పీసు పొడి దులుపుకుంది. "నిన్న మీరు విని ఏమన్నరో తమ్ముడు జెప్పిండు. శ్వాస ఆగుతున్నదన్నరట. గుండెకు మంచిది గాదన్నరట. నాకు రాత్రంత నిద్రలేదు. ఇయ్యాల బడి నుంచి వచ్చినంక కూసోబెట్టి చెప్దామనుకున్న. ఇంతల మీరే ఊరందరికి చెప్పుకున్నరు."

రాజం నేలమీంచి లేచాడు. నా ముందుకొచ్చి, నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. పొట్ట దగ్గర చూపు కొంచెంసేపు ఆగింది.

"నీ పరీక్ష కరెక్టే సారు. మనిషిని జూడకముందుకే అన్ని చెప్పినవ్" అన్నాడు.

అంతే. ముందు వాళ్ళావిడ నవ్వింది, తర్వాత కోడలు నవ్వింది, తర్వాత కాలనీ నవ్వింది. యూసుఫ్ భాయి ఆటో హ్యాండిల్ మీద తలపెట్టుకుని భుజాలు కుదుపుతున్నాడు. రజిత చీర కొంగు నోటికడ్డం పెట్టుకుంది. చివరికి నాకూ ఆగలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట గురకపెట్టి రచ్చకెక్కాను.

మధ్యాహ్నానికల్లా ఆ లైవ్ మంచిర్యాల దాటి కాసిపేట దాకా పాకిందట. మా బంధువుల్లో ఫోను చెయ్యనివాడు పాపాత్ముడు. అందరికన్నా చివరగా, నేను గురువులా గౌరవించే ఓ పెద్ద డాక్టరుగారి నుంచి ఫోను వచ్చింది. లేచి నిలబడి మాట్లాడాను.

"ఏం పనయ్యా ఇది. డాక్టరు మైకు పెట్టుకుని తిరుగుడేంది. మన వృత్తికి ఓ మర్యాద ఉంది. ఇయ్యాలనే బంద్ చెయ్యాలె."

"బంద్ చేసిన సార్. క్షమించండి."

"సరే." ఆయన గొంతు బాగా తగ్గించారు. "రేపు సాయంత్రం ఖాళీగ ఉంటవా. మా ఇంట్లామె ఆ వీడియో చూసినప్పటి నుంచి నన్ను నీ దగ్గరికి పొమ్మని ప్రాణం తీస్తున్నది."

మర్నాడు క్లినిక్ తలుపు తీసేసరికి వరండా నిండా భార్యలు. ఒక్కొక్కరి పక్కన తలొంచుకున్న భర్త. అందరికన్నా ముందు రాజం, వాళ్ళావిడ. ఆమె గడప దాటగానే గుసగుసగా చెప్పింది. "ఈయన గూడ మధ్యల శ్వాస ఆపుతడు సారు. డ్యూటీల బండి మీద కునుకొస్తున్నదట. నాకు చెప్పకపోతుండె. నిన్న మీ ముచ్చట ఇన్నంక రాత్రి చెప్పిండు." అంత పెద్ద బండి మీద కునుకు. నా నవ్వు ఆగిపోయింది. ఆ రోజు అన్నిటికన్నా జాగ్రత్తగా అతన్నే చూశాను.

అయితే మోకాలు చూపించిన అవ్వ కూడా తన ముసలాయన్ని వెంటబెట్టుకొచ్చి ఓ మెలిక పెట్టింది. "ముందుగాల నీది తక్కువ జేస్కో బిడ్డా. నీకు తక్కువైతె మా ముసలోనికి నమ్మకమొస్తది." గదిలో ఉన్నవాళ్ళందరూ ఇది న్యాయమన్నారు.

దాంతో ఊరి సాక్షిగా నా వైద్యం మొదలైంది. రాత్రి అన్నం తగ్గింది. పొద్దున్నే గ్రౌండులో నడక. నాతోపాటు రాజం, అతని వెనక మరికొందరు గురక వీరులు. రాత్రిపూట ముక్కుకు మాస్కు, దానికి గాలి ఊదే ఓ యంత్రం. అద్దంలో చూసుకుంటే బొగ్గుబాయిలోకి దిగబోతున్న రెస్క్యూ మనిషిలా ఉన్నాను. ఊరివాళ్ళు నన్ను ఒక్క మాటా అడిగేవాళ్ళు కాదు. అడగాల్సింది రజితనని వాళ్ళకు తెలుసు. కూరగాయల మార్కెట్లో, బడి గేటు దగ్గర ఆమెను ఆపి అడిగేవాళ్ళు. "టీచరమ్మా, సారుకెట్లున్నది" అని. "శానా తగ్గింది" అని ఆమె అన్న మర్నాడు నా వరండాలో నిలబడేందుకు చోటుండేది కాదు. వానలు మొదలయ్యాయి, వానాకాలం గడిచింది. హైదరాబాద్ మాట నేనూ ఎత్తలేదు, ఆమె గరిటె కూడా ఎత్తలేదు.

రాజం ఇప్పుడు బండి మీద కునుకు తియ్యడం లేదు. కాకపోతే వాళ్ళావిడకు కొత్త కష్టం వచ్చింది. ఆ చప్పుడు లేకపోతే తనకు నిద్ర పట్టడం లేదని మొన్న ఫిర్యాదు చేసింది. దానికింకా మందు కనిపెట్టలేదు.

తిరుపతి మాత్రం నా విజయం మొత్తం తన ఖాతాలో వేసుకుని, పైఅంతస్తులోని ఎముకల డాక్టరు దగ్గర చేరాడు. ఆయన కోసం విరిగే చప్పుడొకటి వెతుకుతున్నాడట. ఇంటివాళ్ళందరం కాళ్ళూ చేతులూ దగ్గర పెట్టుకుని తిరుగుతున్నాం.

ఇక నా సంగతి. సంతకం చేసినంత గంభీరంగా, చెవి మీదా ముక్కు మీదా గొంతు మీదా ప్రమాణం చేసి చెబుతున్నాను. మెలకువగా ఉన్నంతవరకు నా గురించి నేను ఎన్నడూ ప్రచారం చేసుకోను. నిద్రలో నా నోరు ఏమేం చెప్పుకుంటుందో, దానికి మాత్రం పూచీ నాది కాదు. అది మా ఆవిడ డిపార్ట్‌మెంటు.